నేటి చదువు నేటి కాయకమే
(విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఒక పాఠము)



విద్యార్థులకు కలుగు కష్టములలో ఇంటివారి కంటికి తేలికగా కనబడనిది ఒకటి కలదు. అది తెలివి లేకపోవుట కాదు. చదువవలెనను కోరిక లేకపోవుటయు కాదు. చదువక తప్పదని ఎరిగియుండియు, పుస్తకము చేతికి తీసికొనవలసిన క్షణమున మనస్సు మెల్లగా ప్రక్కకు తొలగి, "రేపటినుండి మొదలుపెట్టెదను" అని చెప్పుటయే ఆ కష్టము. సోమవారము నుండి అనును. సోమవారము వచ్చిన పిమ్మట పండుగ పోనిమ్మనును. సంక్రాంతి గడచిన తరువాత పరీక్షల పట్టిక రానిమ్మనును. ఇట్లు వాయిదా వేయు అలవాటును జయించుటకు నేటి విద్యాశాస్త్రము చూపు మార్గమేమి? పండ్రెండవ శతాబ్దమున బసవాది శరణులు ఆచరించి చూపినదేమి? ఈ రెండింటిని కలిపి విచారించుట ఈ పాఠమునందలి విషయము.

గంట మ్రోగని చోట

నెల్లూరు తీరమున మైపాడు, కోడూరు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు గ్రామములనుండి పిల్లలు పదవ తరగతి ముగించి నెల్లూరు, కావలి పట్టణములలో పై చదువులకు చేరుచున్నారు. వారిలో తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు అనేకులు. వసతిగృహమున ఉన్నంతకాలము తెల్లవారకముందే గంట మ్రోగును. గంట మ్రోగినందున లేతురు. మరల గంట మ్రోగును, చదువుటకు కూర్చుందురు. ఏ పాఠము, ఎంతసేపు, ఏ పరీక్ష అనునది ఇతరులు నిర్ణయింతురు. రెండేండ్లు ఈ విధముగా గడచును.

అటుపిమ్మట డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరిన వెంటనే గంట ఆగిపోవును. లేపువారు లేరు, అడుగువారు లేరు. సెమిస్టరు చివరి వారమువరకు పుస్తకము తెరువబడదు. మొదటి పరీక్షలో రెండు పేపర్లు మిగులును. రెండవదానిలో అవి నాలుగగును. ఇంటికి చెప్పుకొనుటకు సిగ్గు. పడవ అమ్మియో, పొలము తాకట్టు పెట్టియో ఫీజు కట్టిన తండ్రి ముఖము చూచుటకు భయము. చివరకు తెలివిగల పిల్లవాడే చదువు మానివేయును. వాని తెలివి ఎక్కడికిని పోలేదు. ఇన్నాళ్ళు ఇతరులు వానిని నడిపిరి. తన్ను తాను నడుపుకొను విద్య మాత్రము ఎవరును నేర్పలేదు. ఆ విద్యకే నేటి శాస్త్రజ్ఞులు స్వయంనియంత్రిత అభ్యసనము అని పేరు పెట్టిరి.

వాయిదా వేయుట సోమరితనమేనా?

పెద్దలు సాధారణముగా వాయిదాను సోమరితనమందురు. పరిశోధనలు వేరొకటి చెప్పుచున్నవి. 1984లో సాలమన్, రాత్‌బ్లమ్ అను ఇద్దరు పరిశోధకులు అమెరికా విద్యార్థులను ప్రశ్నించి, ఓటమి భయము, పనియందు విముఖత అను రెండింటిని ముఖ్య కారణములుగా గుర్తించిరి. 2007లో పియర్స్ స్టీల్ అను పండితుడు అంతవరకు జరిగిన అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి చూచెను. పని రుచింపకపోవుట, ఫలము దూరముగా నుండుట, తనవలన అగునను నమ్మకము తగ్గుట, దగ్గరి ఆకర్షణకు తొందరగా లొంగుట అనునవి వాయిదాతో గట్టిగా ముడివడియున్నవని తేల్చెను. 2013లో సిరోయిస్, పిచిల్ అనువారు ఇంకొక అడుగు ముందుకు వేసి, వాయిదా వేయువాడు పనినుండి కాక, ఆ పని కలిగించు చేదు భావమునుండి పారిపోవుచున్నాడని వివరించిరి.

ఇది ఆలోచింపదగిన మాట. లెక్క అర్థము కాని పిల్లవానికి పుస్తకము తెరచినంతనే గుండెలో ఒక బరువు తోచును. పుస్తకము మూసి సెల్‌ఫోను తీసికొనిన వెంటనే ఆ బరువు తగ్గును. ఆ తాత్కాలిక ఉపశమనమే బహుమానమై, మరునాడు మరల అదే పని చేయించును. అప్పు తీర్చుటకు అప్పు తెచ్చినట్లు, నేటి భయమును తగ్గించుకొనుటకు రేపటి భయమును పెంచుకొనుచున్నాడు. ఇట్టివానిని "సోమరీ" అని తిట్టినచో బరువు ఇంకను పెరుగును. బరువు పెరిగినకొలది పారిపోవుటయు పెరుగును.

ఉప్పు మడి, వల, నారుమడి

మన తీరప్రాంతపు పనులను ఒకసారి గమనింతము. ఇసకపల్లి వైపు ఉప్పు మడులలో పని ఎట్లు జరుగును? సముద్రపు నీటిని మొదట పెద్ద మడులలో నిలిపి ఎండకు చిక్కబరతురు. తరువాత చిన్న మడులలోనికి వదలుదురు. అక్కడ గడ్డకట్టిన ఉప్పును దగ్గరకు లాగి కుప్ప వేయుదురు. ఏ దశకు ఆ దశయే. ఒకనాడు పదిరెట్లు పాటుపడినను ఎండ పదిరెట్లు కాయదు. వానలు దిగినచో ఆ ఏటికి ఉప్పు లేదు.

సముద్రపు వేటను చూతము. తూర్పు తీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, ఇంజను పడవల వేటకు విరామము విధింతురు. ఆ దినములలో చిరిగిన వలకన్నులు కట్టుకొనుట, పడవకు మరమ్మతు చేసికొనుట జరుగును. ఆ పని చేసికొననివాడు జూన్ 15వ తేదీన ఒడ్డున నిలిచి ఇతరుల పడవలు పోవుట చూడవలసినదే. పెన్నా డెల్టాలో రైతును చూచినను అంతే. ఈశాన్య ఋతుపవనపు వాన వచ్చు వేళకు నారుమడి సిద్ధము కావలెను. ఆ అదను తప్పినచో ఎరువు ఎంత వేసినను పోయిన కాలము తిరిగిరాదు.

ఈ పనులను ఎవరును అంత సులభముగా వాయిదా వేయరు. చదువు మాత్రము వాయిదా పడుచున్నది. ఏల? కారణములు నాలుగు. మొదటిది, ఉప్పు మడిలో నేటి పని ఎంతయో కంటికి కనబడును. "భౌతికశాస్త్రము చదువవలెను" అనుదానికి హద్దు కనబడదు. రెండవది, ఉప్పుకుప్ప సాయంకాలమునకే కనబడును. చదువు ఫలము ఏండ్లకు గాని కనబడదు. మూడవది, మడిలో ప్రక్కవారును పనిచేయుచుందురు. చదువరి ఒంటరిగా కూర్చుండును. నాలుగవది, పని తెలియనివానికి పెద్దవాడు ప్రక్కననే చూపించును. పాఠము తెలియనివాడు అడుగుటకు సిగ్గుపడును. ఈ నాలుగు లోపములను తీర్చినచో చదువును ఉప్పు మడివలెనే ఏనాటికానాడు సాగింపవచ్చును. శరణులు కాయకమని పేర్కొన్నది ఇట్టి నిత్యకర్మనే.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ

కాయకమనగా కేవలము కూలిపని కాదు. దేహముతో, మనస్సుతో, సత్యముగా చేయు పని. దాని ఫలమును తనకొరకే దాచుకొనక దాసోహముగా సమర్పించు పని. కైలాసము వేరొకచోట లేదని, అట్టి పనియందే కలదని శరణుల భావము.

కల్యాణ నగరమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులు ఉండిరి. ఆయ్దక్కి అనగా ఏరిన బియ్యము. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతో జంగమదాసోహము చేయుట వారి వ్రతము. ఒకనాడు మారయ్య అల్లమప్రభువు సన్నిధిని శివానుభవ ప్రసంగము వినుచు మైమరచి, కాయకమునకు పోవలసిన వేళను మరచిపోయెను. లక్కమ్మ భర్తకు కాయకము నిలిచిపోయిన సంగతి జ్ఞాపకము చేసెను. మారయ్య పరుగున పోయి, ఆనాడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు నిత్యము కావలసినంతకంటె ఎక్కువ తెచ్చుట ఆశ అగునని చెప్పి, మిగిలిన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను.

ఈ కథలో విద్యార్థికి మూడు పాఠములు కలవు.

మొదటిది: మంచి పనియు వాయిదాకు సాకు కావచ్చును. మారయ్య జూదమాడుచు కాయకము మరువలేదు; సత్సంగమున కూర్చుండి మరచెను. రంగురంగుల కాలపట్టికలు గీయుట, కొత్త గైడు కొనుట, చదువు ఎట్లు చదువవలెనో చెప్పు వీడియోలు గంటలకొలది చూచుట ఇట్టివే. అవి చదువువలె కనబడును గాని చదువు కావు.

రెండవది: ఒకనాటి లోటును మరొకనాటి రాశితో పూడ్చరాదు. పరీక్షకు ముందు రాత్రంతయు మేలుకొని చదువుట రెట్టింపు బియ్యము తెచ్చుటవంటిది. 1885లో జర్మనీ దేశపు ఎబింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని, ఒక్కసారిగా కూరిన దానికంటె దినముల తరబడి పంచి చదివినది తక్కువ శ్రమతో నిలుచునని కనుగొనెను. తరువాతి పరిశోధనలు దానినే బలపరచినవి.

మూడవది: లక్కమ్మ భర్తను అవమానింపలేదు. "నీవు పనికిమాలినవాడవు" అనలేదు. "నీ పని నిలిచియున్నది" అని మాత్రమే తెలిపెను. మనిషిని నిందించుటకును పనిని జ్ఞాపకము చేయుటకును గల భేదము ప్రతి తల్లిదండ్రియు గ్రహింపవలెను.

నులియ చందయ్య అను శరణుని గూర్చియు ఒక కథ చెప్పుదురు. గడ్డి కోసి త్రాడు పేనుట ఆయన కాయకము. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినను ఆయన పని విడువలేదట. లింగపూజయే కాయకమునకు సాకు కారాదన్నపుడు, ఇక తక్కిన సాకుల మాట చెప్పనేల?

మూడు అంగములు

స్వయంనియంత్రిత అభ్యసనమును విపులముగా పరిశీలించిన బారీ జిమ్మర్‌మన్ అను విద్వాంసుడు దానిని మూడు దశల చక్రముగా వివరించెను. పనికి ముందు ఆలోచన, పని జరుగునప్పుడు తన్ను తాను గమనించుకొనుట, పని తరువాత తన్ను తాను విమర్శించుకొనుట అనునవి ఆ దశలు. ఒక దినపు మూడవ దశ మరునాటి మొదటి దశకు దారి చూపును. వీనిని మన పరిభాషలో సంకల్పము, ఆచరణ, ఆత్మవిమర్శ అని పిలుతము.

1. సంకల్పము

"బాగుగా చదివెదను" అనునది కోరిక మాత్రమే. సంకల్పమునకు మూడు అంశములు స్పష్టముగా నుండవలెను: ఏమి, ఎప్పుడు, ఎచ్చట. 1999లో గోల్విట్జర్ అను మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు, "ఫలానిది జరిగిన వెంటనే ఫలాని పని చేసెదను" అని ముందుగానే నిశ్చయించుకొన్నవారు, కేవలము కోరికతో ఉన్నవారికంటె ఎక్కువగా పని నెరవేర్తురని వివరించెను. ఇది మన ఇండ్లకు కొత్త కాదు. ఇష్టలింగపూజకు వేళ కలదు, ఆసనము కలదు, క్రమము కలదు. "నేడు పూజ చేయుదునా, మానుదునా" అని ప్రతి ఉదయము తర్కించుకొనము. స్నానము ముగియగానే చేయి విభూతివైపు పోవును. "పూజ ముగియగానే, అదే చాపపై, గణితములో మూడు లెక్కలు చేసెదను" అని విద్యార్థి నిశ్చయించుకొనినచో, నిలకడగల పాత అలవాటు కొత్త అలవాటును చేయిపట్టి నడిపించును.

పనిని చిన్న మడులుగా విభజింపవలెను. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు విద్యార్థిని ఉదాహరణగా తీసికొందము. భౌతికశాస్త్రములో కిరణ దృశాశాస్త్రమను అధ్యాయము ఆమెకు భయము. "ఆదివారము అధ్యాయమంతయు పూర్తిచేసెదను" అనుకొనినచో ఆదివారము పుస్తకము తెరువదు. దానికి బదులు సోమవారము గోళీయ దర్పణములు, మంగళవారము వక్రీభవనము, బుధవారము సంపూర్ణాంతర పరావర్తనము, గురువారము కటకములు, శుక్రవారము పట్టకము, శనివారము సూక్ష్మదర్శిని, దూరదర్శిని అని పంచుకొని, ఆదివారము మరల చూచుకొనుటకు విడువవలెను. దినమునకు నలుబది నిమిషములు చాలును. ఏరియెలీ, వెర్టెన్‌బ్రోక్ అనువారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, పనియంతటికి చివర ఒక్క గడువు గలవారికంటె సమాన వ్యవధులలో గడువులు గలవారు మెరుగుగా పనిచేసిరి.

భయము మిక్కిలిగా ఉన్ననాడు సంకల్పము ఇంకను చిన్నది కావలెను: పది నిమిషములు, ఒక్క పటము, ఒక్క సూత్రము. తనవలన అగునను నమ్మకము ఉపదేశముచే అంతగా పెరుగదు. చేసి గెలిచిన అనుభవముచే పెరుగును. 1977లో ఆల్బర్ట్ బండూరా తెలిపిన సిద్ధాంతమునకు ఇదియే సారము. చిన్న పని పూర్తియగుటయే రేపటి పెద్ద పనికి పెట్టుబడి.

2. ఆచరణ

కూర్చున్న తరువాత చేయవలసినవి నాలుగు.

మొదట, సెల్‌ఫోనును వేరొక గదిలో ఉంచవలెను. ఒకే గది గల ఇంట పెద్దల చేతికి ఈయవలెను. ఆకర్షణను ఎదురుగా పెట్టుకొని దానితో పోరాడుటకంటె దూరముగా ఉంచుట తేలిక.

రెండవది, చదివిన పుట మూసి, జ్ఞాపకమున్నది కాగితముపై వ్రాయవలెను. 2006లో రోడిగర్, కార్పికీ అనువారు జరిపిన ప్రయోగములో, ఒకే పాఠమును మరల మరల చదివినవారికంటె, చదివి జ్ఞాపకము నుండి వ్రాసినవారికి ఒక వారము తరువాత ఎక్కువ నిలిచెను. పుస్తకము చూచుచుండగా అంతయు తెలిసినట్లే ఉండును. మూసినపుడు గాని తెలియనిది బయటపడదు.

మూడవది, మనస్సు లేచిపోవుటకు ప్రయత్నించునపుడు దానిని గట్టిగా పట్టుటకంటె ముందు ప్రశ్నింపవలెను: ఇది విసుగా, భయమా, అర్థము కాకపోవుటయా, అలసటయా? విసుగైనచో చదువు విధము మార్చవలెను. భయమైనచో పనిని చిన్నది చేయవలెను. అలసటయైనచో నిద్రపోవలెను. అర్థము కాకపోవుటయైనచో అడుగవలెను.

నాలుగవది ఈ అడుగుటయే. స్వయంనియంత్రణమనగా ఒంటరితనము కాదు. అష్టావరణములలో గురువునకు మొదటి స్థానమిచ్చిన సంప్రదాయము మనది. తెలియని చోటును ఒక కాగితముపై ప్రశ్నగా వ్రాసి మరునాడు అధ్యాపకుని వద్దకు పోవుట సిగ్గుపడవలసిన పని కాదు, అది శిష్యధర్మము.

3. ఆత్మవిమర్శ

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారి. రాజ్యపు ధనమునకు లెక్క చూచిన ఆ మహనీయుడు తన మనస్సునకును అంతే నిక్కచ్చిగా లెక్క చూచుకొనెను. ఆయన వచనములలో లోకమును మందలించునవి ఉన్నట్లే, తన లోపమును తానే ఎత్తిచూపుకొనునవియు అనేకములు కలవు. అనుభవమంటపమున శరణులు ఒకరి యెదుట ఒకరు తమ అనుభవమును నిలిపి పరీక్షించుకొనిరి. విద్యార్థియు రాత్రి నిద్రకు ముందు ఐదు నిమిషములు ఇట్టి లెక్క వ్రాసికొనవలెను. ఒక నోటుబుక్కులో నాలుగు గడులు చాలును: అనుకొన్నది, చేసినది, అడ్డు వచ్చినది, రేపు మార్చవలసినది.

ఈ లెక్క శిక్ష కొరకు కాదు. "నాకు బుద్ధి లేదు" అని వ్రాసినచో రేపు చేయదగినదేమియు ఉండదు. "భోజనమైన వెంటనే కూర్చున్నందున నిద్ర వచ్చినది" అని వ్రాసినచో రేపు వేళ మార్చవచ్చును. లోపమును స్వభావమునందు కాక పద్ధతియందు వెదకుట ఆత్మవిమర్శ రహస్యము. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సరపు విద్యార్థులపై జరిపిన ఒక పరిశోధన 2010లో వెలువడెను. మొదటి పరీక్షకు వాయిదా వేసినందులకు తమ్ము తాము క్షమించుకొన్నవారు తరువాతి పరీక్షకు తక్కువగా వాయిదా వేసిరని అందు తేలినది. తప్పును ఒప్పుకొని, మనస్సును తేలికపరచుకొని, మరల పనికి లేచుటయే నిజమైన ప్రాయశ్చిత్తము.

నెల్లూరు జిల్లా చూపిన దీపము

"చిన్ననాడు పట్టుబడని అలవాటు ఇప్పుడు పట్టుబడునా?" అని సందేహించువారికి మన జిల్లా చరిత్రయే సమాధానము. 1990వ దశకపు ఆరంభమున సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను పేర సాగెను. పగలెల్ల కూలిపని చేసి, ఇంటికి వచ్చి వంట ముగించిన స్త్రీలు రాత్రివేళ దీపము క్రింద పలకలు పట్టిరి. వారికి గంట కొట్టువారు లేరు, మార్కులు లేవు, ఉద్యోగపు ఆశయు లేదు. చదువును ఏండ్ల తరబడి వాయిదా వేయవలసివచ్చిన వారే అప్పుడు ఏల నిలిచిరి?

పైన చెప్పిన నాలుగు లోపములు అక్కడ తీరినవి. రాత్రికి ఇన్ని అక్షరములని పనికి హద్దు ఉండెను. ప్రక్కన ఇరుగుపొరుగు స్త్రీలు ఉండిరి. చెప్పుటకు ఆ ఊరి కార్యకర్తయే ఉండెను. అన్నిటికంటె ముఖ్యముగా, చదివినది తమ బ్రతుకునకు సంబంధించినదై ఉండెను. సారాయి వలన చితికిన సంసారపు కథను వాచకమున చదివి, అది తమ కథయే యని గుర్తించిరి. 1992లో దూబగుంట గ్రామపు స్త్రీలు సారాయిని ఊరిలోనికి రానీయక నిలిచిరి. ఆ నిప్పు జిల్లా అంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారాయి నిషేధింపబడెను. అక్షరము కాయకమైనపుడు దాని ఫలము దాసోహమై ఊరికంతటికి చేరుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

చదువులో దాసోహము

దాసోహమును విద్యార్థి ఎట్లు ఆచరింపవలెను? నేడు నేర్చిన ఒక్క అంశమును తమ్మునికో, చెల్లెలికో, సహపాఠికో ఐదు నిమిషములు చెప్పవలెను. చెప్పబోవునపుడు తనకు తెలియని సందు బయటపడును. విన్నవానికి మేలు జరుగును. వారమునకొక సాయంకాలము నలుగురు పిల్లలు ఒకరి ఇంట చేరి, ఎవరి నోటుబుక్కు వారు చదివి వినిపించుకొనినచో అదియే చిన్న అనుభవమంటపము. అక్కడ మార్కులు పోల్చుకొనరాదు. అడ్డంకులు, వాని ఉపాయములు మాత్రమే మాటలాడవలెను.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది, "ఎన్ని మార్కులు?" అని అడుగుటకు ముందు "నేడు ఏమి నేర్చితివి? ఎక్కడ ఆగితివి?" అని అడుగుడు. రెండవది, ప్రక్కింటి పిల్లవానితో పోల్చకుడు. మూడవది, ఇంట చదువు వేళను గౌరవింపుడు. ఆ గంటసేపు టెలివిజను ఆపి, పెద్దలును తమ పనిలోనో పారాయణలోనో కూర్చుండుడు. పిల్లవానిని కూర్చుండుమని చెప్పి పెద్దలు ఫోను చూచినచో ఆ ఉపదేశము చెవికెక్కదు. నాలుగవది, లగామును ఒక్కసారిగా వదలకుడు, ఎల్లకాలము పట్టుకొననూ వద్దు. తొమ్మిదవ తరగతిలో ఒక పాఠము, పదవ తరగతిలో ఒక దినపు పని, ఇంటర్మీడియట్‌లో ఒక వారపు పని పిల్లలే నిర్ణయించుకొనునట్లు క్రమముగా అప్పగింపుడు. గంట ఆగిననాటికి లోపలి గంట సిద్ధమై ఉండును.

ఒక ముఖ్యవిషయము. పిల్లవాడు వారముల తరబడి నిద్ర, ఆహారము లేక కృశించుచున్నను, బ్రతుకు వ్యర్థమని మాటలాడుచున్నను దానిని వాయిదా అలవాటుగా తలపరాదు. చదువు ప్రక్కన పెట్టి, దగ్గర కూర్చుండి వినవలెను, వైద్యుని సంప్రదింపవలెను. ప్రభుత్వపు టెలీ మానస్ సహాయకేంద్రము 14416 సంఖ్యపై ఉచితముగా పలుకును. పరీక్ష మరల వచ్చును. బిడ్డ మరల రాడు.

నిత్యవిధి

ఈ సంచిక చేరిన దినమునుండి పదునైదు దినములు ఈ క్రిందివిధముగా ఆచరించి చూడుడు.

ఉదయము: లింగపూజానంతరము అదే ఆసనముపై ఒక చిన్న పని. తొలుత కష్టమైన పాఠమునుండి పది నిమిషములు.
సాయంకాలము: ముందుగా వ్రాసికొన్న ఒక్క అంశము, నలుబది నిమిషములు. పుస్తకము మూసి వ్రాయుట అందులో భాగము.
దాసోహము: నేర్చినది ఒకరికి ఐదు నిమిషములు చెప్పుట.
రాత్రి: నాలుగు గడుల లెక్క.
ఒకనాడు తప్పినచో: మరునాడు రెట్టింపు చేయకుడు. నిత్యపు కొలత మాత్రమే చేయుడు. లక్కమ్మ మాట జ్ఞాపకముంచుకొనుడు.

నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద ఏటేట జరుగు రొట్టెల పండుగలో, మతభేదము లేక జనులు చదువు కొరకై విద్యా రొట్టెను అందుకొందురు. కోరిక నెరవేరినవారు మరుసటి ఏడు వచ్చి రొట్టెను ఇత్తురు. మ్రొక్కు మంచిదే, అది మనస్సును ఒక దిక్కునకు నిలుపును. అయితే రొట్టె అందుకొన్న దినమునకును తిరిగి ఇచ్చు దినమునకును నడుమ ఏడాది కాలము కలదు. ఆ దినములలో ప్రతి ఉదయము చేయు కొంచెపు పనియే మ్రొక్కును తీర్చును. ముసలితనము మీదపడకముందే శివుని కొలువుమని బసవేశ్వరుడు హెచ్చరించినది ఈ కారణముననే. మేలైన పనికి "రేపు" అను తిథి పంచాంగమున లేదు.

అభ్యాస ప్రశ్నలు

1. మీరు ఎక్కువగా వాయిదా వేయు పాఠమేది? అది తెరచినపుడు మీకు కలుగు భావమును ఒక్క మాటలో వ్రాయుడు.
2. చదువువలె కనబడి చదువు కాని పనులు మీ దినములో ఎన్ని కలవు?
3. లక్కమ్మ ఎక్కువ బియ్యమును తిప్పి పంపుటకును, పరీక్షకు ముందురాత్రి చదువుటకును గల సంబంధమును వివరింపుడు.
4. మీ ఇంటి పెద్దల పనిలో (పడవ, పొలము, అంగడి, మగ్గము, ఏదైనను) వాయిదాకు వీలులేని ఒక దశను అడిగి తెలిసికొని వ్రాయుడు. మీ చదువులో దానికి సరియైన దశ ఏది?
5. రేపటి ఉదయపు సంకల్పమును "ఫలానిది జరిగిన వెంటనే, ఫలాని చోట, ఫలాని పని" అను రూపమున ఇప్పుడే వ్రాయుడు.

ఐదవ ప్రశ్నకు సమాధానము వ్రాయకుండ ఈ పుట త్రిప్పవద్దని విద్యార్థులకు మనవి.

శ్రీ గురుబసవలింగాయ నమః